పట్టికలు మా ఆవిడ చూసుకుంటుంది

"పట్టికలా? అవి మా ఆవిడ చూసుకుంటుందిలెండి" అని ఆయన ఫోన్లో ప్రెస్సాయనకు చెబుతున్నప్పుడు ఆమె వంటింట్లో బీన్స్ తరుగుతోంది. తరుగుతూనే, పెదవులు కదిలీ కదలకుండా, ష్నైడెన్, ష్నిట్, గెష్నిట్టెన్ అనుకుంటోంది. తరగడం అనే మాటకు జర్మన్లో ఉన్న మూడు రూపాలవి. పాతికేళ్ళ నుంచి ఆమె చేతులు ఏ పని చేస్తుంటే నోరు ఆ పని తాలూకు మూడు ముక్కలూ అప్పజెప్పుకుంటూ ఉంటుంది. బట్టలు ఉతికితే వాషెన్, వూష్, గెవాషెన్. నీళ్ళ బకెట్ మోస్తే ట్రాగెన్, ట్రూగ్, గెట్రాగెన్. అత్తగారు బతికున్న రోజుల్లో ఇది చూసి, "మా కోడలికి ఇరవై నాలుగ్గంటలూ జపమే. ఏ దేవుడికో మాత్రం మాకు చెప్పదు" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వించేది.

జర్మన్ నేర్చుకునేవాళ్ళ ప్రాణాలు తోడేసేవి ఈ క్రియలే. మామూలు క్రియలు బుద్ధిమంతులు. జరిగిపోయిన సంగతి చెప్పాలంటే వాటి చివర ఒక తోక తగిలిస్తే సరిపోతుంది. బలమైన క్రియలని పేరు పడ్డ ఈ నూట డెబ్బై రెండూ మాత్రం అంత తేలిగ్గా మాట వినవు. మాట మధ్యలో ఉన్న అచ్చు అక్షరమే మారిపోతుంది, అదీ ఒక్కొక్కటి ఒక్కో దారిన. కంఠతా పట్టడం తప్ప గత్యంతరం లేదు. ఆయన ప్రతి కొత్త బ్యాచ్‌కీ ఈ పాఠం మొదలుపెడుతూ ఒకటే జోకు వేస్తాడు. "బలమైన క్రియలు పెళ్ళాల్లాంటివి. ఎప్పుడు ఏ రూపం చూపిస్తాయో దేవుడికే తెలియాలి!" ముందు గదిలో నవ్వులు. వంటింటి తలుపు తీసే ఉంటుంది. మొదటి ఏడాది ఆమె కూడా నవ్వింది. రెండో ఏడాది మొహమాటానికి నవ్వింది. ఆ తర్వాత నుంచి ఆ జోకు వచ్చే సమయానికి మిక్సీ వేయడం అలవాటు చేసుకుంది.

ఇంట్లో ముందున్న రెండు గదులూ ఆయన క్లాసులకి. జర్మనీ వెళ్ళి ఉద్యోగం చేద్దామనుకునే నర్సులు, మెకానిక్కులు, ఒకరిద్దరు వంటవాళ్ళు వస్తారు. వాళ్ళందరి చేతుల్లోనూ ఆయన పుస్తకమే. అందులో సగం సంభాషణలు, సగం పట్టికలు. సంభాషణలు ఆయన రాసినవి. పట్టికలన్నీ ఆమెవి. ఎవరి పుస్తకం తీసుకుని చూసినా మొదటి సగం కొన్న రోజున ఎలా ఉందో అలాగే ఉంటుంది. రెండో సగం మాత్రం నలిగి, మూలలు మడతపడి, టీ మరకలతో, ఒక్కోసారి కుట్లు ఊడిపోయి రబ్బరు బ్యాండుతో ఉంటుంది. లోపల ముందుమాటలో చివరి వాక్యం ఇది: "పట్టికలు టైపు చేయడంలో సహకరించిన నా శ్రీమతికి కృతజ్ఞతలు." రెండో ముద్రణలో ఎక్కడో ఒక రూపం తప్పుపడితే మాత్రం ఆయన క్లాసులో నిలబడి, "అది మా ఆవిడ పొరపాటు, దిద్దుకోండి" అన్నాడు. ఒప్పులన్నీ పుస్తకానివి, తప్పు ఒక్కటీ ఆమెది.

ఇప్పుడు మళ్ళీ కొత్తగా కంపోజు చేయించి వేస్తున్నారు. కవరు కూడా మారుతోంది. ప్రూఫులు శుక్రవారంలోగా ఇచ్చేయాలి. ఆయన ఫోను పెట్టేసి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఆమె టీ గ్లాసు అందిస్తూ, ఎన్నాళ్ళ నుంచో నాలుక చివర పెట్టుకున్న మాట బయటపెట్టింది.

"ఏమండీ, కవరు ఎలాగూ మారుస్తున్నారుగా. పట్టికలు అన్నచోట నా పేరు కూడా వేయిస్తారా?"

ఆయన కోప్పడలేదు. ఎప్పుడూ కోప్పడడు, అదీ ఆమెకున్న చిక్కు. నవ్వి భుజం మీద తట్టాడు. "నీ పేరూ నా పేరూ వేరేనా? ఎవరి పేరుంటే ఏంటోయ్. ముందు ప్రూఫులు చూడు, మళ్ళీ తప్పులొస్తే నాకు తలవంపులు."

వేరు కాకపోతే నా పేరే వేయండి అనే జవాబు ఆమెకి ఎప్పటిలాగే గ్లాసులు కడుగుతున్నప్పుడు తట్టింది. ఇలాంటి జవాబులు ఆమె దగ్గర బోలెడున్నాయి, అన్నీ సింకు దగ్గర దొరికినవే.

రోజూ నాలుగింటికి డ్యూటీ దిగిన నర్సులు నలుగురు వస్తారు. వాళ్ళకి సారు క్లాసు ఐదింటికి. ఆ మధ్యలో ఉన్న గంటసేపూ వంటింటి పక్కన డైనింగు టేబుల్ దగ్గర ఆమె పట్టికలు చదివిస్తుంది. దీనికి ఫీజు లేదు, టైమ్‌టేబుల్లో పేరూ లేదు. ఆయన భాషలో ఇది "మా ఆవిడతో కాసేపు కబుర్లు". పరీక్ష పాసైనవాళ్ళంతా ఈ కబుర్లలోంచి వెళ్ళినవాళ్ళే. ఆ నలుగురిలో ఒకమ్మాయి ప్రతిదానికీ ఎందుకు అని అడుగుతుంది. ఇలా ఎందుకు మారింది, అలా ఎందుకు మారలేదు. సారు విసిగిపోయి ఆ పిల్లకి ఎందుకమ్మ అని పేరు పెట్టాడు. అదే ఖాయమైపోయింది.

ఆ రోజు ఎందుకమ్మ ఒక్కో క్రియా చదువుతూ దాని కింద ఉన్న వాక్యాన్ని తెలుగులో చెబుతోంది. ప్రతి క్రియకీ కింద ఒక వాక్యం ఉంటుంది, జరిగిపోయినట్టుగా. అతను విమానంలో ఎగిరాడు. అతను కొండ ఎక్కాడు. ఆమె కూరగాయలు తరిగింది. అతను ఉత్తరం రాశాడు. ఆమె సంచీ మోసింది. అతను పందెం గెలిచాడు. ఆమె మాట్లాడకుండా ఉండిపోయింది. అక్కడ ఆగి తల ఎత్తింది.

"మేడమ్, ఈ పుస్తకంలో ఈవిడ ఎక్కడికీ వెళ్ళదా?"

మిగతా ముగ్గురూ కిసుక్కుమన్నారు. ఎందుకమ్మ పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పింది.

"లేదు మేడమ్, నిజంగానే. అన్నీ చూశాను. అతను ఎగిరాడు, ఈదాడు, గెలిచాడు, కనిపెట్టాడు. ఈవిడేమో ఉతికింది, మోసింది, ఇచ్చింది, క్షమించింది. ఆఖరికి నిద్ర కూడా ఆయనకే రాశారు! పాపం, ఈవిడ ఒక్క పూటైనా నడుం వాల్చదా? మా వార్డు సిస్టరే నయం."

"పోనీ ఏడుస్తుందేమో చూడవే" అంది పక్కనున్న అమ్మాయి.

"ఏడవడం బలమైన క్రియ కాదు. అది వేరే పట్టిక" అంది ఆమె, టీచరు గొంతుతోనే. అందరూ పగలబడి నవ్వారు.

ఎందుకమ్మ నవ్వు ఆపుకుని, ఆమె మొహం చూసిందో ఏమో, సర్దిచెప్పినట్టుగా అంది: "పోన్లెండి మేడమ్. సారు రాసినవి కదా. మగవాళ్ళు అలాగే రాస్తారు."

ఆమె తర్వాతి క్రియ చదవమంది. ఐదయింది, పిల్లలు ముందు గదిలోకి వెళ్ళిపోయారు, ఆయన గొంతు మొదలైంది. ఆమె మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయింది. ఇన్నేళ్ళూ ఆ పట్టికలు తనవని ఎవరైనా గుర్తిస్తే చాలనుకుంది. ఇప్పుడు అవి తనవని చెప్పుకోవాలంటే, ఆవిడని ఎక్కడికీ వెళ్ళనివ్వనిది తనేనని కూడా ఒప్పుకోవాలి. ఇంతకన్నా అన్యాయం ఉందా అనిపించింది. కానీ ఆ అన్యాయంలో తన చేతిరాత ఉంది, దాన్ని ఎవరి మీదకి తోసేస్తుంది?

మర్నాడు మధ్యాహ్నం ఆయన పడుకున్నాక స్టూలు వేసుకుని బీరువా మీది బూట్ల డబ్బా దించింది. దుమ్ముకి తుమ్ములొచ్చాయి. లోపల నూట డెబ్బై రెండు అట్టముక్కలు. ఇరవై రెండేళ్ళ వయసులో, కాలేజీ నోటుపుస్తకాల అట్టలు కత్తిరించి చేసుకున్నవి. పైన మూడు రూపాలు, కింద ఒక వాక్యం. వాక్యంలో మొదటి మాట మీద తెల్ల సిరా పూసి, దాని మీద అతను అనో ఆమె అనో రాసి ఉంది. జరిగిపోయిన సంగతికి జర్మన్లో నేను అన్నా అతను అన్నా ఆమె అన్నా ఈ క్రియల రూపం ఒకటే, ఆ ఒక్క మాట మారిస్తే చాలు. గోటితో ఒకచోట గీకింది. తెల్లటి పెచ్చు ఊడి కింద పాత మాట బయటపడింది. ఇహ్. నేను.

అన్నీ నేనులే. ఆ వయసులో ఆమె ఒక్కో క్రియకీ తనే వాక్యం కట్టుకుంది. నేను విమానంలో ఎగిరాను. నేను సముద్రంలో ఈదాను. నేను సభలో మాట్లాడాను. ఇంకా జరగనివన్నీ జరిగిపోయినట్టు రాసుకోవడంలో ఏదో తమాషా ఉండేది అప్పుడు. ఎలాగూ జరిగేవే కదా, కాస్త ముందుగా రాసుకుంటే తప్పేంటి అనుకుంది. బట్టలు ఉతికాను, సంచీ మోశాను కూడా అందులోనే ఉన్నాయి. ఎగరడం పక్కనే ఉతకడం ఉంటే రెండూ ఒకే మనిషి చేసే పనుల్లా ఉండేవి.

పద్దెనిమిదేళ్ళ కిందట పుస్తకం మొదటిసారి ప్రెస్సుకి వెళ్ళే ముందు ఆయన ఆ అట్టలు చూసి గతుక్కుమన్నాడు. "ఈ నేను ఎవరు? కవరు మీద నా పేరుంటుంది. లోపల 'నేను బట్టలు ఉతికాను' అని ఉంటే పిల్లలు నవ్వరూ? మార్చెయ్. అతను, ఆమె అని పెట్టు."

"ఎవరికి ఏది పెట్టమంటారు?" అని అడిగింది.

"అది కూడా నేనే చెప్పాలా? నువ్వు చూసుకో."

అంతే, ఆయనన్నది ఆ ముక్కే. విమానం అతనికివ్వు, బకెట్ ఆమెకివ్వు అని ఆయన చెప్పలేదు. అత్తగారు చెప్పలేదు. ఎవరూ పక్కన నిలబడి చూడలేదు కూడా. కుక్కరు మూడు కూతలు కూసేలోపు ఎవరికేదో తేల్చేసి, తెల్ల సిరా సీసా పట్టుకుని, పేకముక్కలు పంచినట్టు చకచకా పంచేసింది. ఎక్కడా తడుముకోలేదు. నిద్ర ఎవరికివ్వాలో ఆలోచించిన గుర్తు కూడా లేదు. ఇదీ ఇప్పుడు ఆమెను కోసేస్తున్నది. మొగుడు చేసిన అన్యాయమైతే నలుగురికీ చెప్పుకుని ఏడవొచ్చు.

అట్టల అడుగున ఒక కవరుంది. తెరవకుండానే అందులో ఏముందో తెలుసు. పెళ్ళయిన రెండో ఏడు వచ్చిన ఉత్తరం. జర్మనీలో పది నెలలు, భాష ఎలా నేర్పాలో శిక్షణ, ఖర్చులన్నీ పిలిచినవాళ్ళే చూసుకుంటారు. అప్పుడే అత్తగారు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. "వెళ్ళు, నేను వద్దన్నానా? అమ్మ సంగతి ఎలాగో నువ్వే ఆలోచించి చెప్పు" అన్నాడాయన. "నాదేముందిరా, ఏదో మూల పడుంటాను, దాని సరదా ఎందుకు చెడగొట్టాలి" అంది మంచం మీద నుంచి అత్తగారు. ఆమె ఆలోచించింది. ఆలోచించి, రాలేనని తనే జర్మన్లో జవాబు రాసింది. ఆయన దాన్ని పోస్టులో వేసే ముందు చదివి మురిసిపోయాడు. "ఎంత బాగా రాశావోయ్! ఒక్క తప్పు లేదు. వచ్చే ఏడాది వెళ్దువుగానిలే." పెళ్ళయ్యాక ఆయన మెచ్చుకున్న ఒకే ఒక్క రాత అది.

వెళ్ళాల్సింది. అత్తగారిని చూసుకోవడానికి ఆయనకీ రెండు చేతులున్నాయి, పది నెలలకి ఒక మనిషినీ పెట్టుకోగలిగేవాళ్ళు. ఇవన్నీ ఇప్పుడు లెక్కగా కనిపిస్తున్నాయి. అప్పుడు మాత్రం మంచి కోడలన్న పేరు ఎగిరిపోతుందేమోనని భయపడింది. ఆ పేరు వచ్చింది కూడా. అత్తగారు పోయాక ఎవరూ దాన్ని వాడటం లేదు.

నాలుగింటికి నర్సులు వచ్చి కూర్చున్నారు. ఎందుకమ్మ పుస్తకం తెరవబోతుంటే ఆమె అరచేతితో మూసేసింది.

"నిన్న నువ్వో మాటన్నావు. సారు రాశారని. ఆ వాక్యాలు సారు రాయలేదు. పట్టికలూ సారువి కావు. నేనే రాశాను, మొత్తం."

ఎందుకమ్మ నాలుక్కరుచుకుంది. "అయ్యో మేడమ్! నేనేదో సరదాకి..."

"నువ్వన్నది నిజమే కదా. ఆవిణ్ణి అలా కట్టేసింది నేనే. చేతులారా."

ముందు గదిలోంచి ఆయన బల్లలు జరుపుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఎందుకమ్మ, తన అలవాటు ప్రకారం, మెల్లగా అడిగింది: "ఎందుకు మేడమ్?"

అన్ని క్రియలూ అప్పజెప్పగల మనిషి ఆ చిన్న ప్రశ్న దగ్గర తడబడింది. "అలవాటమ్మా" అంది చివరికి. "మీరైనా అలవాటు చేసుకోకండి." ఆ పిల్ల తలూపింది. వచ్చే నెల్లో దాని పరీక్ష, పాసైతే ప్రయాణం.

బుధ, గురువారాలు రెండు మధ్యాహ్నాలు ఆమె ప్రూఫుల ముందు కూర్చుంది. ఎర్ర పెన్ను, పక్కన బూట్ల డబ్బా. మొదట అన్నిటినీ తిరిగి నేను చేసేద్దామనుకుంది. ఉతికాను, మోశాను, తరిగాను, ఇచ్చాను, ఉండిపోయాను, ఇవన్నీ హాయిగా కుదిరాయి. ఒక్కచోటా ఆగలేదు, అన్నీ నిజాలే కనక. ఎగరడం దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళప్పుడు ధైర్యంగా రాసుకున్న వాక్యం ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది. సముద్రం కూడా అంతే. కొండా అంతే. ఆ పేజీ పక్కనపెట్టి లేచి, మొక్కలకి నీళ్ళు పోసి వచ్చింది. గీసెన్, గోస్, గెగోసెన్. మళ్ళీ కూర్చుని, అతను ఎగిరాడు అన్నదాన్ని కొట్టేసి ఆమె ఎగిరింది అని రాసింది. తనకి కాదు. ఆ ఎందుకు అడిగే పిల్లకి, దాని పక్కనున్నవాళ్ళకి. ఈత, కొండ, పందెం, సభ, అలా ముప్ఫై ఒక్క వాక్యాలు వాళ్ళకిచ్చేసింది. ఇస్తుంటే సంతోషంగానూ ఉంది, వదులుకుంటున్నట్టూ ఉంది. నిద్ర మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నేను నిద్రపోయాను అని రాసుకుంది. ఆ ఉతకడాలూ మోయడాలూ చూస్తే, ఆ మాత్రం హక్కుందనిపించింది. ఇంటిపనుల వాక్యాల్లో ఓ పది అతనికి వెళ్ళాయి. అతను గిన్నెలు తోమాడనే వాక్యం జర్మన్లో ఎంత సాఫీగా నడిచిందో చూసి ఒక్కతే నవ్వుకుంది.

చివరికి కవరు పేజీ. ఆయన పేరు కొట్టేయలేదు, సంభాషణలు ఆయనవే కదా. సంభాషణలు అని రాసి ఆయన పేరు, పట్టికలు అని రాసి తన పేరు, రెండూ ఒకే సైజులో వేయమని పక్కన గుర్తు పెట్టింది. ముందుమాటలో టైపు చేయడం గురించిన వాక్యం కొట్టేసింది. పట్టికలు మొదలయ్యేచోట రెండు లైన్లు చేర్చింది: "పాత ముద్రణల్లో ఈ పనులన్నీ పంచింది కూడా నేనే. పొరపాటయింది, దిద్దాను."

శుక్రవారం పొద్దున ఆయన షర్టు గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. ప్రూఫుల కట్ట టేబుల్ మీద ఉంది. ప్రతి పేజీ కింద సంతకం పెడితే కానీ ప్రెస్సాయన వేయడు, ఆయన పద్ధతి అది. ఈయన పద్ధతేమో పేజీల మూలలు మాత్రం ఎత్తుతూ, బ్యాంకులో చెక్కుల మీద పెట్టినట్టు గబగబా సంతకాలు పెట్టుకుంటూ పోవడం.

"ఈసారి ఒక్కసారి చదవండి" అంది.

"నువ్వు చూశావుగా. మళ్ళీ నేనెందుకు?"

"చాలా మార్చాను."

"బాగుచేసే ఉంటావులే."

చదివితే గొడవ అవుతుంది. అవనీ అనుకుంది. రెండు రోజుల నుంచి ఆ గొడవకి జవాబులు సింకు దగ్గర కాకుండా ముందే సిద్ధం చేసి పెట్టుకుంది. "కవరు పేజీ అయినా చూడండి" అని మూడోసారి, దాదాపు బతిమాలినట్టు అంది. ఆయన ఒక చెవికి ఫోను ఆనించుకుని ఎవరితోనో క్లాసు టైము మాట్లాడుతూనే, ఆమె పేరుకి వేలెడు కింద, వంకరటింకరగా సంతకం పెట్టేశాడు. తర్వాత పెన్నుకి మూతపెట్టి, "ఇవి నేను దారిలో ఇచ్చేస్తాలే" అన్నాడు ఫోను పక్కకి పెట్టి.

"వద్దు, నేనే వెళ్తాను" అంది.

ప్రెస్సు రెండు వీధుల అవతలే. పద్దెనిమిదేళ్ళలో ఆమె అక్కడికి రావడం ఇదే మొదటిసారి. లోపల సిరా వాసన, ఒక పక్క కాగితాలు కోసే మిషను. ముసలి ప్రెస్సాయన కళ్ళజోడు సర్దుకుని ఎర్ర సిరా దిద్దుబాట్లు చూశాడు. "ఈ గుండ్రటి రాత మీదామ్మా? ఇన్నేళ్ళూ సారుదనుకుంటున్నాను" అన్నాడు ఆశ్చర్యంగా. తర్వాత కవరు పేజీ తీసి చాలాసేపు అలాగే పట్టుకున్నాడు.

"సారు చూశారామ్మా?"

"సంతకం పెట్టారు."

"అది కనబడుతూనే ఉంది. చూశారా అని."

"లేదండీ" అంది ఆమె. "పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. మీరు అచ్చు వేయండి."